కంటినీరు చెప్పిన వేళ

నేను ఒక థర్మామీటర్ని. మూతి ముడవకండి, మీ నోట్లో పెట్టేదాన్ని కాదు. శవాల గదిలో చనిపోయినవాళ్ల ఒంటివేడి చూసే జానెడు గాజుగొట్టాన్ని. మంటమీద ఊది, కడుపులో పాదరసం నింపి, ఒంటినిండా గీతలు గీసి పంపారు. ముగ్గురు డాక్టర్ల చేతులు మారాను. ఒళ్లెంత చల్లబడిందో నేను చెబితే, ప్రాణం ఎప్పుడు పోయిందో వాళ్లు రాసేవారు. కోర్టులో మాత్రం అంతా తమ తెలివే అన్నట్టు మాట్లాడేవారు. పోనీలే అనుకునేదాన్ని.

పోయినేడు నా నెత్తిన సవతిలా ఒక యంత్రం వచ్చి కూర్చుంది. మనిషి పోయాక కంటిగుడ్డులోని నీటిలోకి పొటాషియం గంటగంటకూ ఊరుతుందట. రెండు చుక్కలు పోస్తే అది వేళ చెప్పేస్తుందట. ఆ ముగ్గురిలో ఆఖరి డాక్టర్ హైమావతి దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేది. నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడే భిక్షం శవం వచ్చింది. తోట కాపలావాడు, పొద్దున్నే మోటారు దగ్గర తల పగిలి పడివున్నాడు. ముందురోజు సాయంత్రం ఏడింటికి అతనితో గొడవపడ్డాడని సైదులును స్టేషన్లో కూర్చోబెట్టారు. నేను చూస్తే ఒళ్లు మంచులా ఉంది. లెక్క వేస్తే సరిగ్గా ఆ ఏడు గంటలే తేలింది. నాకెంత గర్వమో! సైదులు పని అయిపోయిందని అందరూ అన్నారు.

యంత్రం మాత్రం, పోయి ఎంతోసేపు కాలేదంది. దాని నోరు పడిపోను అని తిట్టుకున్నాను. రెండు లెక్కలూ కుదరక, డాక్టర్ భిక్షం భార్య ఈదమ్మను పిలిచి, శవాన్ని ఎక్కడ ఉంచారని అడిగింది.

"బిడ్డ వచ్చేదాంక ఐస్ పెట్టెల వెట్టినం మేడం. పోలీసులొచ్చేసరికి తీసినం. ఎవ్వలు అడగలే," అంది ఈదమ్మ.

ఆ చలినీ కలిపి మళ్లీ లెక్క వేస్తే ప్రాణం పోయింది తెల్లవారుజాము ఐదింటికని తేలింది. ఆ వేళకు సైదులు పాలకేంద్రంలో పాలు పోస్తున్నాడు, పదిమంది చూశారు. నా మాటే నిలిచివుంటే అతని బతుకు బుగ్గిపాలయ్యేది.

వారం తిరక్కుండా సైదులు వచ్చాడు. తనను కాపాడింది ఏదని అడిగి, ఆ యంత్రానికి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ మొక్కలేదు. కుళ్లుకున్నాను, దాచడమెందుకు?

"మరి నన్ను ఇరికించింది ఏది మేడం?" అన్నాడు.

హైమావతి నేనున్న సొరుగును మోకాలితో మెల్లగా మూసేసింది.

"నేనేనయ్యా," అంది. "ముందే అడగాల్సింది, అడగలేదు."

ఆ యంత్రమంటే నాకు ఇప్పటికీ పడదు. ఆ రోజు చీకట్లో పడుకుని మాత్రం, ఆమె ముందు సిగ్గుతో చచ్చిపోయాను.