ఒప్పుదల కాగితంలో నాలుగోది

ఎడ్లకు నానబెట్టాల్సిన ఉలవల్లో రాళ్లు ఏరుతూ ఉండగా ప్లీడరుగారి గుమస్తా త్రినాధరావుగారు మా గుమ్మంలోకి వచ్చారు. అనకాపల్లి ఆఫీసు నుంచి మా తుమ్మపాల దాకా ఎండలో నడిచి వచ్చారు. గొడుగు మడిచి గోడకు చేర్చి మంచినీళ్లు అడిగారు. అమ్మ ఇచ్చింది. నాన్న నులకమంచం వాల్చాడు.

"రేపే వాయిదా ఎర్రయ్యా. ఒప్పుదల కాగితం రాసి తెచ్చాను. వేలిముద్ర వేసేస్తే పొద్దుండగా ఆఫీసుకు చేరతాను," అన్నారాయన.

మూడు నెలలుగా మా ఇంట్లో ఆ కోర్టు మాటే. దావా వేసినవాడు పరాయివాడు కాదు, అమ్మకు స్వయానా అన్న అప్పలరాజు మామ. మా గానుగా బెల్లం పొయ్యీ ఉన్న పది సెంట్ల జాగా తనదని, ఖాళీ చేయించమని దావా. పది రోజుల్లో చెరకు నరకాలి. ఆ జాగా పోతే నరికిన చెరకు చేలోనే ఎండిపోతుంది. ఆ ఏడు మేము తినేది ఆ చెరకే.

"ఒప్పుదలంటే ఏటి బాబూ?" తలుపు చాటు నుంచి అడిగింది అమ్మ.

"ఇద్దరికీ పేచీ లేని సంగతులు ముందే రాసి, ఇద్దరూ ముద్రలు వేసి జడ్జీగారికి ఇచ్చేస్తారమ్మా. వాటికిక సాక్షులు అక్కర్లేదు. ఆయన తగువున్న మాటొక్కటే వింటారు. లేకపోతే అక్కడ గానుగుందని చెప్పడానిక్కూడా నలుగురిని బండెక్కించాలి."

"మా ఊరోల్లని బండెక్కిత్తే కోర్టు దాకా రారు బాబూ. బెల్లం బజార్లోనే దిగిపోతారు," అన్నాడు నాన్న. గుమస్తాగారు నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు.

"మా రత్నం అయిదు దాకా సదివింది. ఓపాలి సదవనీండి," అని నాన్న నన్ను చూపించాడు.

చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాను. యుద్ధం వచ్చాక కాగితం దొరకడం లేదని రెండు వైపులా కిక్కిరిసి రాశారు. మొదటిది సర్వే నంబరు. రెండోది, పదిహేనేళ్లుగా అక్కడ గానుగ వేసి బెల్లం వండుతున్నది మా నాన్నేనని. మూడోది, ఆ జాగా గురించి ఇద్దరి మధ్యా రాతకోతలు లేవని. నాలుగోది చదివి ఆగిపోయాను.

"ఏటమ్మా, ఆగిపోయేవు?"

"'సదరు స్థలములో వండిన మొదటి బెల్లం దిమ్మను ప్రతివాది ఏటా వాదికి ఇచ్చుచున్నాడు.'"

"నిజవే గదా," అన్నాడు నాన్న. ఛాతీ కొంచెం విరుచుకున్నాడు కూడా. "ఒక్క ఏడు తప్పలేదు. వాన్లొచ్చి సగం సెరుకు పోయిన యేడు గూడా పంపేను."

నేను లోపలికి వెళ్లి, పెట్టెలో బట్టల కింద దాచిన దావా నకలు తెచ్చి రెండు కాగితాలూ మంచం మీద పక్కపక్కన పెట్టాను. దావాలో మామ రాయించిన వాక్యం మీద వేలుంచి గుమస్తాగారికి చూపించాను. స్థలానికి కౌలుగా ఏటా బెల్లం దిమ్మ ముట్టుతున్నదని ఉంది అక్కడ.

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివారు.

"దిమ్మ ఎందుకు ఇచ్చావయ్యా?"

"ఎందుకేటి? మాకు ఆడపిల్లనిచ్చిన ఇల్లు. తొలి పాకం దిమ్మ ఆ ఇంటికే ఎల్లాల. మాలో అందరూ సేసేదే."

"మరి ప్లీడరుగారికి చెప్పలేదే?"

"ఆయనడిగితే గదా. దిమ్మిచ్చేవా అన్నారు, ఇచ్చేనన్నాను. మా ఊర్లో ఎవుల్నడిగినా సెప్తారు."

"జడ్జీగారిది మీ ఊరు కాదు ఎర్రయ్యా, తంజావూరు వైపు. ఇచ్చినట్టు నువ్వు ఒప్పుకున్నావు. ఎందుకిచ్చావో చెప్పేవాళ్లు లేకపోతే వాళ్లు రాయించిన కారణమే నిలబడుతుంది. పదిహేనేళ్లుగా నీ అనుభవంలో ఉంది కనక జాగా నీదంటున్నాం; కౌలు ఇచ్చావంటే నీది కానట్టే."

"కౌలు కాదని పక్కన రాసేయండి," అన్నాను.

"అది వాళ్లు ఒప్పుకోరమ్మా. ఇద్దరూ ఒప్పుకున్నదే ఇందులో ఉండాలి."

"అయితే నాలుగోది కొట్టేయండి."

"కొట్టేయచ్చు. వాళ్లు సాక్షుల్ని తెచ్చి దిమ్మ ఇచ్చాడని చెప్పిస్తారు. అప్పుడైనా మీ నాన్న మాటొక్కటే చాలదు, ఆ దిమ్మ ఏమని ఇచ్చారో స్వయంగా తెలిసిన సాక్షి కావాలి. ఒప్పుదల అయిపోతుంది కదా అని మన వైపు ఎవరి పేరూ ఇవ్వలేదు. ఇవాళ అయిదింటికి ఆఫీసు మూసేలోగా వస్తే ప్లీడరుగారు విని పేరు రాసుకుంటారు." ఆయన మా ముఖాలు చూశారు. "దిమ్మ ఎవరు పట్టుకెళ్లేవారు?"

నాన్న చూరు వైపు చూశాడు. నేను కాగితాల్లోకి చూశాను.

పదిహేనేళ్లూ పట్టుకెళ్లింది అమ్మే. కొత్త గుడ్డ చుట్టి, నెత్తిన పెట్టుకుని, ఎవరు ఎదురైనా మా అన్నకి అని చెప్పుకుంటూ వెళ్లేది. ఇప్పుడు బోనెక్కి ఆ అన్న ముఖం మీదే అబద్ధం రాయించావని చెప్పాలి. ఆ తరవాత ఆ ఇంటి గడప తొక్కేది ఉండదు. తనకు నెలలు నిండితే కబురు పెట్టడానిక్కూడా ఆ ఇల్లు ఉండదు అని అమ్మ దావా వచ్చిన రోజున అంది. అప్పటికి చెల్లెలో తమ్ముడో కడుపులో పడి మూడో నెల.

"ఎవులో ఒకలు పట్టుకెల్లేరు లెండి," అన్నాడు నాన్న. "ఆ సిరా డబ్బీ ఇటియ్యండి. ముద్రేసేత్తాను."

"నాన్నా."

"నువ్వూరుకో. జాగా పోతే ఇంకో జాగా సూసుకుంటాను."

ఎక్కడా ఇంకో జాగా లేదని మాకందరికీ తెలుసు. గుమస్తాగారు డబ్బీ మూత తీయాలో వద్దో తెలియనట్టు చేతిలో పట్టుకు కూర్చున్నారు. నాన్నే లాక్కుని మూత తీసి, బొటనవేలు సిరాలో అద్దాడు. నాలుగో మాటకు కాస్త కింద, ముద్ర కోసం వదిలిన చోటు మీదికి వంగాడు.

అమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. నాన్న వేలి కింద నుంచి కాగితం తీసి మడిచి గుమస్తాగారి చేతిలో పెట్టింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "లోవా," అని పేరు పెట్టి పిలిచాడు నాన్న. ఆమె ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. మెట్లు దిగి వీధి మొగకు చేరింది. ఎడమకు తిరిగితే మామ ఇల్లు. అమ్మ తిరగలేదు. అనకాపల్లి బాట పట్టి తిన్నగా వెళ్లిపోయింది.