మూడింటిలో ఒకటి

దేవుడి ముందు పగలబడి నవ్వడం పాపమా అన్న అనుమానం సదానందాన్ని చాలా ఏళ్ళుగా వదలలేదు. ఆ పొద్దున మార్కండేయస్వామి పటాన్ని తడిగుడ్డతో తుడిచి గంధం బొట్టు పెడుతున్నప్పుడూ అదే ఆలోచన. బొట్టు వంకర పోయింది. మగ్గాల నూనె గోళ్ళలో ఇంకిపోయిన వేలితో సరిచేశాడు.

పటం కింది గూట్లో మూడు పుస్తకాలున్నాయి. రైళ్ళెక్కి, లారీలెక్కి దేశమంతా తిరిగి, తను పడ్డ అగచాట్లనే నవ్వులాటగా రాసిన ఒకాయనవి. సూరత్‌లో ఒకే షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా ఎదురెదురు మగ్గాలు నడిపిన గంగారాం, సదానందం కలిసి కొన్నవి. గంగారాం ఎనిమిది రోజులుగా కరోనా వార్డులో ఉన్నాడు. నిన్న ఫోన్ చేశాడు.

"ఒక్క పుస్తకమే రానిస్తరట బావా. నీకు ఏది పానమో గదే పంపు. ఇప్పుడన్న చెప్పు."

మూడింటిలో ఏది ప్రాణమని పన్నెండేళ్ళుగా అడుగుతున్నదే. "చెప్తతీయ్" అంటూ సదానందం దాటేస్తూ వచ్చాడు. రైళ్ళ పుస్తకం అందరూ మెచ్చేది. నదులది నెమ్మదైనది. తనకిష్టమైనది తీర్థయాత్రలది. అందులో ఆయన గుడిగుడికీ చెప్పులు పోగొట్టుకుంటాడు, దేవుడితోనే కయ్యం పెట్టుకుంటాడు. ఏకాదశి ఉపవాసం తప్పని మనిషి, ఆ పుస్తకం ఇష్టమని ఏ నోటితో చెబుతాడు?

పదకొండులోపు ఆసుపత్రి బయట గుడారంలో ఇవ్వాలి. గంగారాం భార్య సమ్మక్క అప్పటికే వరసలో నిలబడి ఉంది. అతని సంచిలోకి తొంగిచూసింది. నదులది, యాత్రలది, రెండున్నాయి.

"నవ్వొచ్చేది వద్దే అన్నా. నవ్వితే దగ్గు, దగ్గితే ఊపిరాడుతలేదు. నదులదియ్యి."

"నాకిష్టమైంది అడిగిండు చెల్లె."

"నీ ఇష్టం పాడుగాను! మనిషి దక్కాలె గదా!"

వరస కదిలింది. సదానందం చేయి నదుల పుస్తకం మీద పడి ఆగింది. లోపల ఒంటరిగా పడుకున్నవాడికి అబద్ధం పంపాలా? నిజం పంపి ఊపిరి తీయాలా? "జల్దీ కరో కాకా" అని బల్ల దగ్గర సామాన్లు తీసుకునే మనిషి తొందరపెట్టాడు. సదానందం యాత్రల పుస్తకం ఇచ్చేశాడు. సమ్మక్క మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం షిఫ్టులో మగ్గాల మోతకు ఫోన్ వినపడదు. ఒక చేత్తో పోగులు సర్దుతూ, రెండో చేయి చొక్కా జేబు మీదే ఉంచుకున్నాడు. ఎదుటి మగ్గాల దగ్గర ఎవరో కొత్త మనిషి. నాలుగింటికి జేబు వణికింది. బయటికి పరుగెత్తాడు.

"గిదా బావా!" మాస్కులోంచి గంగారాం గొంతు. "ఓ పూజలోడా! పన్నెండేండ్లు దాస్తివి గదా! నేను రైళ్ళదనుకున్న. చెప్పుల కాడికొచ్చిన... జర నవ్వొచ్చింది."

దగ్గు. ఎంతకీ ఆగని దగ్గు. సదానందం ఫోన్‌లోకి అరిచాడు.

"నవ్వకు బావా. పుస్తకం పక్కకు పెట్టు."

"పెట్టనే పెట్ట. నీ బాకీ తీరింది, పో."

సాయంత్రం ఆరున్నరకు గంగారాం పోయాడు. సమ్మక్క సదానందాన్ని తిట్టలేదు. అతనే నర్సును అడిగాడు, నవ్వినందుకేనా అని. ఆక్సిజన్ పొద్దుటినుంచే పడిపోతోందని చెప్పిందామె. ఐదింటిదాకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడట, వద్దన్నా వినలేదట. అది ఓదార్పో నిందో అతనికి తెలియలేదు.

అంటు భయంతో, వార్డులోకి వెళ్ళిన కాగితాలు, పుస్తకాలు బయటికి ఇవ్వరు. బల్ల మీంచి చిన్న ప్లాస్టిక్ సంచి ఒకటి జరిపారు. అందులో గంగారాం కళ్ళజోడు. విరిగిన కాడకు చుట్టిన మగ్గం పోగు ఇంకా బిగువుగానే ఉంది.