ఇంకాస్త గట్టిగా

విశ్వవిద్యాలయంలో ఆమెను వెనకాల 'సుమారు మేడమ్' అనేవారు. ఫజీ లాజిక్ మీద పరిశోధన చేసే మనిషికి అంతకన్నా సరిపోయే పేరు ఇంకేముంటుందని ఆమె కూడా నవ్వేసేది. అవునో కాదో తేల్చి చెప్పలేని సంగతులే ఆమె సరుకు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయంటాం. ఎన్ని డిగ్రీలని అడిగితే తెల్లమొహం వేస్తాం. అయినా స్నానం ఆగదు. ఆ గోరువెచ్చదనాన్ని యంత్రానికి నేర్పడమే ఆమె పని.

విభాగాధిపతికి అది కాలం చెల్లిన సరుకు. "కృత్రిమ మేధ ఎక్కడికో వెళ్లిపోయిందమ్మా. మీరింకా కాస్త, కొంచెం అంటూ వేలాడుతున్నారు" అన్నాడు, నిండు సమావేశంలో. ఆమెకు చెవులు వేడెక్కాయి.

"చేసి చూపిస్తాను సార్" అని మాత్రం అంది.

చూపించాల్సింది బావ చేతి మీద. అక్క మొగుడిది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. ప్రమాదంలో కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోతే, ఆసుపత్రివాళ్లు మిగిలిన చేతి కండరాల సంకేతాలతో నడిచే మోటారు చెయ్యి అమర్చారు. దానికి తెలిసినవి రెండే: పట్టుకోవడం, వదిలెయ్యడం. అద్దం పలక పట్టుకుంటే పగిలేది, లేదంటే జారేది. దాన్ని విప్పి బీరువాలో పడేసి, అద్దాల పనంతా అక్కకే అప్పజెప్పాడు.

మరదలు ఆ చేతినే బయటికి తీయించింది. వేళ్ల కొసలకు జారుడు పసిగట్టే సెన్సర్లు అతికించి, దానికి మాటల్లో నియమాలు రాసింది. వస్తువు కాస్త జారుతుంటే ఇంకాస్త బిగించు. బాగా పెళుసైతే మెల్లగా పట్టుకో. ఇలాంటివే, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

ప్రయోగశాలలో చెయ్యి బుద్ధిగా ఉంది. దుకాణంలో మాత్రం పొద్దున బాగానే పనిచేసి, మధ్యాహ్నానికి అద్దాలు వదిలెయ్యడం మొదలుపెట్టింది.

"మరదలా, నీ యంత్రానికి అన్నం తినగానే కునుకు వస్తున్నట్టుంది" అన్నాడు బావ, చీపురు అందుకుంటూ.

"మీకు రావట్లేదా బావా?"

"నాకెందుకు రాదు? ఈపాటికి చెయ్యంతా లాగేస్తుంది."

ఆ మాట వింటూనే ఆమె లాప్‌టాప్ ముందు చతికిలబడింది. బావ కండరాలు పంపే సంకేతాల గీతలు పొద్దున ఎత్తుగా ఉన్నాయి, ఇప్పుడు కుంగిపోయాయి. అలసిన మనిషి గట్టిగా పట్టమంటుంటే, చేతికి అది 'కొంచెం'గా వినిపిస్తోంది. తప్పు నియమాలది కాదు. 'కొంచెం'కీ 'గట్టి'కీ మధ్య హద్దును తానే మేకు కొట్టి బిగించేసింది. ఆ హద్దు మనిషితో పాటు జరగాలి.

నియమాలను ముట్టుకోలేదు. సంకేతాలను చూస్తూ హద్దులను జరపడం నేర్చుకునే చిన్న నెట్‌వర్క్‌ను వాటి కింద చేర్చింది. ఎన్నో సాయంత్రాలు దుకాణం బల్ల మీదే గడిచాయి. పగుళ్లు తగ్గుతూ వచ్చాయి. చివరికి బావే, "ఇక మీవాళ్లను పిలు" అన్నాడు.

విభాగాధిపతి, ఆసుపత్రి ఎముకల డాక్టరమ్మ కావాలనే మధ్యాహ్నం పూట వచ్చారు. బావ ఓ పెద్ద అద్దాన్ని ఎత్తి, ఫ్రేములో కూర్చోబెట్టాడు. విభాగాధిపతి తల పంకించి, పక్కనున్న తడిగుడ్డతో రెండో అద్దం అంచును తానే తుడిచాడు.

"ఇప్పుడు ఎత్తండి."

తడి అద్దంతో ఆమె ఎప్పుడూ పరీక్షించి చూడలేదు. అద్దం లేచింది, సన్నగా జారింది. అక్క కళ్లు మూసుకుంది. చిన్న చప్పుడుతో వేళ్లు బిగిశాయి. అద్దం ఆగిపోయింది.

"ఎందుకు బిగించింది? రేపు నా రోగికి ఏదైనా అయితే నేనేం చెప్పుకోవాలి?" డాక్టరమ్మ అడిగింది.

మరదలు లాప్‌టాప్‌ను అటు తిప్పింది. తెర మీద తేట మాటల్లో ఉంది: అద్దం కాస్త జారుతోంది, చెయ్యి బాగా అలసింది, కాబట్టి ఇంకాస్త గట్టిగా.

డాక్టరమ్మ రెండుసార్లు చదువుకుంది. "ఇది నాకే అర్థమవుతోందే. మా దగ్గర ఇలాంటి చేతులవాళ్లు చాలామందే ఉన్నారు. ఎప్పుడు మొదలుపెడదాం?"

విభాగాధిపతి తడిగుడ్డ ఇంకా పట్టుకునే ఉన్నాడు. "నేను తొందరపడి మాట్లాడానమ్మా. అనుమతి కాగితాల మీద మొదటి సంతకం నాదే" అన్నాడు.

మరదలు సరేనని తల ఊపింది. ఒళ్లంతా తేలికైపోయింది.

"ఇన్నాళ్లూ చెయ్యి సాకుతో తప్పించుకున్నారు. ఇక ఇంట్లో గిన్నెలు తోమడం కూడా మీ పనే" అంది అక్క, ముక్కు తుడుచుకుంటూ.

"గిన్నెలకు నియమాలు రాయలేదుగా" అన్నాడు బావ.

"రాసేశాను బావా" అంది మరదలు. డాక్టరమ్మతో సహా అందరూ పగలబడి నవ్వారు.