బేస్తారం గోలీలు

ఉప్పలమ్మ సానరాయి మీద జాజు, అంటే ఎర్రమన్ను గడ్డ, అరగదీస్తోంది. రాయి అంచుల దాకా పాకిన ఎర్రటి నీళ్లను చూపుడువేలితో మళ్లీ లోపలికి తోసుకుంటోంది. పక్కనే అరుగు మీద కూర్చుని అఫ్రీన్ చిన్న చిన్న సీసాలకు తేదీ చీటీలు అంటిస్తోంది. ఆ రోజు బేస్తవారం. మక్తల్ చుట్టుపక్కల ఊళ్లలో సర్పి లేచినవాళ్లంతా ఆ ఇంటికి వచ్చే రోజు.

ఒంటికి ఒక పక్కనే పట్టీలాగా నీటిపొక్కులు లేచి, నిప్పు పెట్టినట్టు మండుతుంది సర్పి. ఉప్పలమ్మ దానికి ఐతారం, బేస్తారం మాత్రమే జాజు పెడుతుంది. ఆమె అత్త నాటి నుంచి అదే ఆనవాయితీ.

అఫ్రీన్ పాలమూరులో డాక్టరు. సర్పిని తెచ్చే వైరస్ మీద, దాన్ని ఆపే గోలీల మీద రెండేళ్లుగా పరిశోధన చేస్తోంది. చిన్నప్పుడు తల్లి పోసినప్పుడు, అంటే ఆటలమ్మ లేచినప్పుడు, ఒంట్లోకి దూరిన వైరస్సే నరాల్లో దాక్కుని, వయసు మళ్లాక ఇట్లా లేస్తుందని మొదటిసారి వచ్చినప్పుడే ఉప్పలమ్మకు చెప్పింది.

"అంటే తల్లి ఏడికీ పోలేదన్నట్టు. కిరాయి లేకుంట గీడనే ఉన్నదన్నట్టు" అని నవ్వింది ముసలామె.

ఆ నవ్వుతో ఇద్దరికీ పొత్తు కుదిరింది. ముందు అఫ్రీన్ పొక్కుల నీరు సీసాలోకి తీసుకుని గోలీలు ఇవ్వాలి, తర్వాత ఉప్పలమ్మ పొక్కుల చుట్టూ జాజు పెట్టాలి. జాజు పనికిరాదని అఫ్రీన్ ఎవరితోనూ అనలేదు. అలా అంటే ఎవరూ రారని ఆమెకు తెలుసు. ఊరూరా తిరిగినా దొరకని రోగులు వారానికి రెండుసార్లు ఒకే వాకిట్లో దొరుకుతున్నారని పైడాక్టర్లు కూడా మెచ్చుకున్నారు. గోలీలు మాత్రం పొక్కులు లేచిన మూడు రోజుల్లోపే మొదలుపెట్టాలి. ఆ తర్వాత వాటి బలం తగ్గిపోతుంది.

ఎండ ముదరకముందే భీమయ్య వచ్చాడు. అరవై ఏళ్ల రైతు. తల మీద కప్పిన తువ్వాలను భార్య నాగరాణి మెల్లగా తొలగించింది. కుడి నుదుటి నుంచి ముక్కు కొస దాకా పొక్కులు. కన్ను వాచి మూసుకుపోయింది. అఫ్రీన్ రెప్ప విప్పి లైటు వేసి చూసింది. నల్లగుడ్డు మీద పొగ పట్టినట్టు తెల్లగా ఉంది. ఎన్ని వేళ్లు కనిపిస్తున్నాయని అడిగితే, వెలుతురు తప్ప ఏమీ కనిపించడం లేదన్నాడు.

ఎప్పుడు లేచిందని అడిగింది. ఐతారం పొద్దుగూకినంక అన్నది నాగరాణి. మరి వెంటనే మక్తల్ దవాఖానకు ఎందుకు పోలేదు, ఈ గోలీలు అక్కడ కూడా ఉంటాయి కదా అంటే, నాగరాణి ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసింది.

"పోదామనే అన్నడు మా ఆయన. సోమారం పొద్దుగాల ఆటో గూడ ఎక్కిండు. నేనే దింపిన. డాక్టరమ్మ ఉప్పలవ్వ తాననే కూసుంటదంట, గామె గోలీలు బేస్తారం ఏసుకుంటెనే పట్టుకుంటయంట అని మా వాడకట్టంత అన్నరు."

అఫ్రీన్ చేతిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. పక్కనున్న నోటుపుస్తకం తెరిచింది. మొదటి ఏడాది పేజీల్లో, ముందు మక్తల్ దవాఖానకు పోయి గోలీలు మొదలుపెట్టి, ఆ తర్వాత జాజుకు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ ఏడాది పేజీల్లో అట్లాంటివాళ్లు ఒక్కరూ లేరు. అందరూ పొక్కులు లేచిన మూడో రోజు, నాలుగో రోజు, మళ్లీ నాలుగో రోజు వచ్చినవాళ్లే. అన్నీ తన చేతిరాతే. అందరూ తన దగ్గరికే వస్తున్నారని సంబరపడింది గానీ, అందరూ తన కోసం ఆగుతున్నారని తోచలేదు. జాజుకు ఉన్న వారం పట్టింపును గోలీలకు అంటగట్టింది తనే.

మొదటి గోలీలు అక్కడే మింగించింది. పాలమూరులో కంటి డాక్టరుకు ఫోన్ చేసి, ఉత్తరం రాసి, ఇప్పుడే బయలుదేరమని నాగరాణి చేతికిచ్చింది.

"చూపు ఒస్తది గదా, డాక్టరమ్మా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "నొప్పి తగ్గుతదమ్మా. చూపు సంగతి నేను చెప్పలేను."

నాగరాణి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆటోలకెల్లి నేనే దింపిన. నా చేతులతోని నేనే దింపిన."

"తప్పు నీది కాదు" అన్నది అఫ్రీన్. "నేను గీడికి గీ రెండు దినాలే వచ్చిన. ఏ దినమైనా దవాఖానకు పోవాలని ఒక్కరికి గూడ చెప్పలె. నాది తప్పు."

"వారం నాది, బిడ్డా" అన్నది ఉప్పలమ్మ, తల ఎత్తకుండా. "నువ్వొచ్చి పక్కన కూసున్నవ్, గంతే."

తప్పు నాదంటే నాదంటున్న ఆ ముగ్గురి మాటలూ గోడకు ఆనుకుని భీమయ్య విన్నాడు. సోమవారం పొద్దున దవాఖానకు పోదామని ఆటో ఎక్కినవాడు అతను ఒక్కడే.

తువ్వాల తీసి తనే తలకు చుట్టుకున్నాడు. నాగరాణి చెయ్యి పట్టుకోబోతే మెల్లగా విడిపించుకున్నాడు. కుడికన్ను కనబడక గడపను కాలితో తడిమి చూసుకుని, ఎవరివైపూ తిరగకుండా వాకిలి దాటి వెళ్లిపోయాడు.