తిమోతిగారి ఇంట్లో తెగని లెంటు

ఇందుకూరుపేట స్కూల్లో డ్రిల్లు మాస్టరు తిమోతిగారు మద్రాసు నుంచి ఒక గాజుతొట్టి తెచ్చుకున్నారు. అందులో వేలెడంత కూడా లేని చారల చేపలు. ఎటు తిరిగినా అన్నీ ఒక్కసారే తిరుగుతాయి. ఆయన ఈల వేస్తే ఏ పిల్లకాయలూ అంత బుద్ధిగా తిరిగి ఎరగరు మరి! మాస్టరు వాటిమీద ప్రాణాలు పెట్టుకున్నారు.

చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట. "అన్నీ కలిపినా పూట పులుసుకు రావే మాస్టరుగారూ?"

ఒక సాయంత్రం భార్య ఎస్తేరమ్మ బొమ్మిడాయి చేపల పులుసు చట్టి దించీదించగానే, చేపలన్నీ గుంపుగా అవతలి మూలకు పోయి నక్కాయి.

"చూసినావా, చుట్టాల వాసన పట్టేసినాయి! ఇకమీదట నేను చేప ముట్టను. ఈ ఇంట్లో వండేదీ లేదు" అని తిమోతిగారు మోకరించి మరీ ప్రమాణం చేశారు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల లెంటులో ఊళ్లో క్రైస్తవులంతా నీచు మానేశారు కనక ఆ లోటు తెలియలేదు. ఈస్టరు వచ్చింది. ఇంటింటా మామిడికాయ వేసిన పులుసు. తిమోతిగారి కంచంలో ముద్దపప్పు. గాలికి పులుసు వాసన వచ్చినప్పుడల్లా ఆయనకు ఏడుపొచ్చేది. పులుసు లేని బతుకూ ఒక బతుకేనా! పైకి మాత్రం తొట్టి దగ్గర నిలబడి, "మీకోసమే నాయనా" అనేవారు.

ఒక ఆదివారం పాస్టరుగారికి జ్వరమొచ్చి ఆరాధన తొందరగా ముగిసింది. తిమోతిగారు ఇంటికొచ్చేసరికి, తలనొప్పని గుడికి రాని ఎస్తేరమ్మ ఉడికిన చేపను చిదిమి తొట్టిలో వేస్తోంది. చారల చేపలు ఎగబడి తింటున్నాయి.

"ఏందే ఇది! చేపలకు చేపా?"

"మరేం పెట్టేది, మీ ముద్దపప్పా? మీరు తెచ్చిన మేత అయిపోయినకాడ్నించీ ఇదే. పులుపు తగలకముందే తీసి పెడతా ఉండా."

"పులుపా? పులుపెందుకు తగుల్తాది?"

ఎస్తేరమ్మ తలొంచుకుంది. "చిటికెడు వాటికేసి, మిగతా చేప పారేస్తామా అండీ? పెరటి పొయ్యిమీద వండుకుంటా ఉండా."

అయ్యో ఖర్మ! ఇన్నాళ్లూ ఆయన్ను ఏడిపించింది సొంత పెరటి వాసనే. తిమోతిగారు విసవిసా పెరట్లోకి పోయారు. చట్టి అడుగున కాస్త పులుసు మిగిలింది. చట్టిలోనే అన్నం కుమ్మరించుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చి తొట్టి ముందే చతికిలబడ్డారు.

"మరి మీ ప్రమాణమో?" అంది ఎస్తేరమ్మ.

"దేవుడికి నేను చెప్పుకుంటాలే!"

మొదటి ముద్ద నోట్లో పడగానే కళ్లవెంట నీళ్లు బొటబొటా కారాయి. చేపలన్నీ ఒక్కసారే ఆయనవైపు తిరిగి అద్దానికి మూతులానించాయి.

"తిన్నది చాల్లేదంట్రా, దొంగ సచ్చినోళ్లారా!" అని తిమోతిగారు చట్టిని రెండు చేతులా అడ్డం పెట్టుకున్నారు.