తెరిచి ఉన్న తలుపు

అమెరికాలోని ఒహాయోలో, కారు వెనక తగిలించుకుని విహారాలకెళ్ళే పాత ట్రెయిలర్ల ప్రదర్శన ఏటా జరుగుతుంది. అందులో తలుపు తీసి ఉందంటే ఎవరైనా లోపలికెళ్ళి చూడొచ్చు. అదక్కడి ఆనవాయితీ. వర్లీన్ మాత్రం జూలై ఉక్క భరించలేక తీసింది. మొగుడి జబ్బు ఇంటిని మింగింది, ఆపైన మొగుణ్ణీ మింగింది. ఆమెకు మిగిలింది ఈ బుల్లి ట్రెయిలరొక్కటే. ప్రదర్శనకు పెడితే కరెంటూ నీళ్ళూ ఊరికే ఇస్తారని వచ్చింది.

రాత్రి కురిసిన వాన బురద అంటిన బూట్లతోనే ఒక జంట లోపలికెక్కేసింది.

"అబ్బ, బొమ్మరిల్లులా ఉందండీ! నాకైతే ఇందులోనే ఉండిపోవాలనిపిస్తోంది," అని మురిసిపోయింది భార్య.

భర్త అడగనైనా అడక్కుండా అల్మారా తెరిచాడు. "ఇదేంటండీ, ఎండాకాలంలో ఉన్నికోట్లు! మంచుబూట్లు కూడానా? ఇల్లంతా ఎత్తుకొచ్చేసినట్టున్నారే!" అంటూ పకపకా నవ్వాడు.

వర్లీన్ పొద్దున తుడిచిన నేల మీద వాళ్ళ బూట్ల ముద్రలే చూస్తూ నిలబడింది.

"ఇంతకీ మీ ఇల్లెక్కడండీ?" అంది ఆవిడ, వర్లీన్ మంచమ్మీద చతికిలబడుతూ.

"మీరు కాళ్ళు తుడుచుకోకుండా వచ్చింది అందులోకే," అంది వర్లీన్.