పొడి మందు

వేట సీజన్‌కి మిగిలింది ఆ ఒక్క రోజే. తెల్లారుతూనే వెర్నా తుపాకిలో మందు కూరుదామని సంచీ విప్పి, కొత్త డబ్బా మూత తీసింది. డబ్బా నిండా బిళ్ళలు, తుపాకి మందుని గట్టిగా అదిమి చేసినవి.

మొన్నటి వానకి ఆమె పొడి మందంతా తడిసి ముద్దయింది. నిన్న మరిది డెల్బర్ట్‌ని కింద ఊళ్ళోకి పంపి తెప్పించిన డబ్బా ఇది. అతనుండేది పక్క రాష్ట్రంలో. అక్కడ అందరూ బిళ్ళలే వాడతారు. ఇక్కడ ఈ వేటకి పొడి తప్ప ఇంకేదీ పనికిరాదని రూలు.

"పొడి అని మూడుసార్లు చెప్పాను కదయ్యా!"

"మందు మందే కదా వదినా. గొట్టంలోకి దిగాక ఎవడు చూడొచ్చాడు? పోనీ, కత్తి పిడితో నలిపేస్తే పొడైపోదూ?"

"నలుపు. అది పేలితే నీ వేళ్ళు ఏరడానికి నేనున్నాగా."

కింద ఆస్పెన్ చెట్లలో మగ ఎల్క్ దుప్పి కూత పెట్టింది. రెండు వందల గజాలు కూడా ఉండదు.

"పోతుంది వదినా, పోతుంది!"

"పోనీ."

ఆ తుపాకి ఆమె భర్త క్లెమ్‌ది. తొమ్మిదేళ్ళ కిందట ఇదే గట్టు మీద అతను బిళ్ళలతో దుప్పిని కొట్టాడు. జుల్మానా కట్టాడు, లైసెన్సు పోగొట్టుకున్నాడు, అది తిరిగి రాకుండానే గుండెపోటుతో పోయాడు. ఊరంతా నోళ్ళు నొక్కుకుంది. ఆ మచ్చ తుడవాలని వెర్నా ఏటేటా పర్మిట్ లాటరీలో పేరు వేసింది. ఈ ఏడు తగిలింది. అదే తుపాకి, అదే గట్టు, రూలు ప్రకారం మందు, ఒక్క దుప్పి. మళ్ళీ పర్మిట్ వచ్చేసరికి ఆమె మోకాళ్ళు ఈ కొండ ఎక్కనివ్వవు.

చుట్టుపక్కల పొడి మందున్న మనిషి ఒక్కడే, వాగు అవతల డేరాలో ఓర్విల్. క్లెమ్ సంగతి వేట ఇన్‌స్పెక్టర్‌కి మోసింది అతనేనని వెర్నా నమ్మకం. అప్పుడు కూడా ఈ గట్టు మీద ఇంకో డేరా అతనిదే మరి. నాటి నుంచి చర్చిలో ఎదురుపడ్డా మొహం తిప్పుకునేది.

"అతన్ని అడుగుతావా? నువ్వే?" అన్నాడు డెల్బర్ట్.

వెర్నా వాగులోకి దిగింది. మోకాలి లోతు నీళ్ళు, ఎముకలు కొరికే చలి.

ఓర్విల్ కాఫీ కాచుకుంటున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"పొడి మందు కావాలి," అంది వెర్నా. "నా మరిది బిళ్ళలు తెచ్చాడు. ఇస్తే తీసుకుంటాను, లేదంటే వెళ్తాను. బతిమాలడం నావల్ల కాదు."

ఓర్విల్ మందు పోసి ఉంచుకునే కొమ్ముబుర్ర తీసి, మూడు కాల్పులకి సరిపడా కొలిచి సీసాలో పోశాడు.

"క్లెమ్ కూడా ఇలాగే తడిసి వచ్చాడు," అన్నాడు. "దుప్పిని కొట్టిన సాయంత్రం. బిళ్ళలతో కొట్టానయ్యా, అన్నం సయించట్లేదు అన్నాడు. నేనేమీ చూడలేదు, పడుకో అన్నాను. వింటేగా. కిందికి దిగి తనే ఇన్‌స్పెక్టర్ తలుపు తట్టాడు."

వెర్నా అతని మొహంలోకి సూటిగా చూసింది.

"తొమ్మిదేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నువ్వు అడిగితేగా! చెబుదామని మీ ఇంటికొస్తే తలుపు నా మొహం మీదే వేశావు."

నిజమే, వేసింది. సిగ్గుతో ఆమె చెవులు మండాయి. ఇంత మాట తనకి చెప్పకుండా పోయిన మొగుడి మీద కోపం వచ్చింది. ఆ వెనకే అతనంటే అంతులేని గర్వం కలిగి కళ్ళు నిండాయి. సీసా కోటు లోపల దాచుకుని మళ్ళీ వాగు దాటింది.

పగలంతా దుప్పి జాడ లేదు. డెల్బర్ట్ సణిగి సణిగి నిద్రపోయాడు. వెర్నా కదల్లేదు. పొద్దు వాలుతుండగా కొమ్మలు పక్కకి నెట్టుకుంటూ అదే దుప్పి బయటికొచ్చింది. అరవై గజాలు. ఆమె ఊపిరి బిగబట్టి కాల్చింది. తెల్లటి పొగ కమ్మేసి ఏమీ కనబడలేదు. పొగ విడిపోయేదాకా నిలబడే ఉంది.

దుప్పి గడ్డిలో ఒరిగి ఉంది.

పక్కన కూర్చుని దాని మెడ మీద చెయ్యి వేసింది. "సరిగ్గానే కొట్టాను క్లెమ్," అంది. ఆనక లేచి, వాగు వైపు తిరిగి, గొంతెత్తి పిలిచింది.

"ఓర్విల్! కత్తి పట్టుకురా! కాఫీ కూడా!"